పొగ వస్తే కడపలో దిగవలెను

ఆ రోజు మా విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. కారణం, టాయిలెట్ తలుపుకి ఉండాల్సిన యాష్‌ట్రే ఊడిపోవడం. విమానంలో సిగరెట్టు తాగడం నిషేధమని ఆ తలుపు మీదే రాసి ఉంటుంది. అయినా యాష్‌ట్రే ఉండి తీరాలి. ఎవడైనా నిషేధాన్ని మీరి తాగితే, పీకని చెత్తబుట్టలో పారేసి విమానాన్ని తగలబెట్టకుండా, పద్ధతిగా ఆర్పుకోవడానికి ఒక చోటంటూ ఉండాలి కదా. ఆలోచిస్తే సబబే. అది బిగించేదాకా డెబ్బైమంది ప్రయాణికులు సీట్లలో ఉక్కపోతకి విసనకర్రల్లా భద్రతా కార్డులు ఊపుకుంటూ కూర్చున్నారు. కాక్‌పిట్‌లో మా కెప్టెన్ సోమరాజు గారు మండిపడుతున్నారు.

"సేఫ్టీ అంటే బొత్తిగా లెక్కలేదమ్మా ఈ ఇంజినీరింగోళ్ళకి. యాష్‌ట్రే లేకుండా విమానం ఎక్కించేత్తారా? జనం ప్రాణాలంటే ఆటలా ఏంటి?" అని, చేతిలోని సిగరెట్టు బూడిదని నా కాఫీ కప్పులో దులిపారు.

నేను ఆ విమానానికి కో-పైలట్‌ని. పేరు హిమజ, ఊరు ప్రొద్దుటూరు. మా సంస్థ గండభేరుండ ఎయిర్‌వేస్. రెండు తలల పక్షి మా గుర్తు. ఒక తల చెప్పింది రెండో తల వినదు. హైదరాబాదు నుంచి తిరుపతికీ, తిరుపతి నుంచి హైదరాబాదుకీ రోజూ తిప్పడం నా ఉద్యోగం.

సోమరాజు గారిది భీమవరం. ఇరవయ్యారేళ్ళ అనుభవం. ఎంత అడ్డగాలి ఉన్నా విమానాన్ని తమలపాకు మీద సున్నం రాసినంత మెత్తగా దింపుతారు. గాల్లోకి లేచాక ఆయనకి ఒక్కటే అలవాటు. కింద శ్రీశైలం డ్యామ్ కనబడగానే మల్లన్నకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకుంటారు. దండం కాగానే లైటర్ తీస్తారు. అక్కణ్ణుంచి తిరుపతి దాకా మూడు సిగరెట్లు. కాక్‌పిట్ ఎంత ఉంటుంది? మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ పెట్టుకునే గూడు ఇంతకంటే విశాలం. ఆయన వదిలిందంతా నేను పీలుస్తాను.

పైలట్లకి ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు, ఊపిరితిత్తుల బలం ఎంతో యంత్రం అంకె చూపిస్తుంది. ఆ ఏడు నా అంకె చూసి డాక్టరు కళ్ళజోడు తీసేశాడు.

"నిరుటికంటే బాగా తగ్గిందమ్మా. సిగరెట్లు మానెయ్."

"నేను తాగను డాక్టర్."

"అందరూ అదే చెబుతారు. ఆరు నెలలు గడువిస్తున్నా. అప్పటికి ఇంకా తగ్గితే నేను సంతకం పెట్టను."

ఆయన సంతకం లేకపోతే నాకు లైసెన్సు లేదు. విమానం నడపడం తప్ప నాకు మరో పని రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. నిజంగా భయమేసింది. ఆ భయంలోనే నేను చేయకూడని పని చేశాను. నిబంధనల పుస్తకం తెరిచాను.

పుస్తకంలో స్పష్టంగానే ఉంది. విమానంలో ఎవరైనా పొగ తాగుతూ కనబడితే సిబ్బంది వెంటనే కెప్టెన్‌కి ఫిర్యాదు చేయాలి. కెప్టెన్ విచారించి తగిన చర్య తీసుకోవాలి. గాలిలో ఉన్నంతసేపూ ఆయన మాటే తుది మాట.

మర్నాడు శ్రీశైలం దాటాక ఫిర్యాదు చేశాను. "సార్, ప్రయాణికుల భద్రత దృష్ట్యా, విమానంలో ఒక వ్యక్తి పొగ తాగుతున్నట్టు మీ దృష్టికి తెస్తున్నాను."

"ఎవరమ్మా?"

"మీరే సార్."

సోమరాజు గారు నిబంధనలంటే ప్రాణమిచ్చే మనిషి. నా ఫిర్యాదుని శ్రద్ధగా విన్నారు. రెండు నిమిషాలు విచారించారు. తనని తాను ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగినట్టున్నారు. చివరికి, ఇది మొదటి తప్పు కాబట్టి నిందితుణ్ణి మౌఖికంగా హెచ్చరించి వదిలేశానని చెప్పి, రెండో సిగరెట్టు ముట్టించారు.

ఇక లాభం లేదని హైదరాబాదులోని మా భద్రతా విభాగానికి వెళ్ళాను. దాని డైరెక్టరు నేమాని ప్రభాకరశాస్త్రి గారు. ఆయన టేబుల్ మీద చిన్న విమానం బొమ్మ ఉంటుంది, దానికి కూడా సీటు బెల్టు కట్టి ఉంటుంది. నా ఫిర్యాదు చదివి, చాలాసేపు కళ్ళు మూసుకుని, మెల్లగా అన్నారు.

"మీ ఆవేదనని సంస్థ సానుకూలంగా గుర్తిస్తున్నది. అయితే కాక్‌పిట్‌లో పొగ ఉన్నట్లు ఏ యంత్రమూ నమోదు చేయలేదే!"

"కాక్‌పిట్‌లో పొగ పసిగట్టే యంత్రం లేదు సార్. టాయిలెట్లోనే ఉంది."

"అదే నేననేదీను. యంత్రం లేనిచోట పొగ నమోదు కాదు. నమోదు కాని పొగని పరిగణనలోకి తీసుకొనే అధికారం నాకు లేదు. మీరు చూసినది ఆవిరి కావచ్చు, మేఘం కావచ్చు. ఆకాశంలో మేఘాలు సహజం."

"అయితే ఒక యంత్రం పెట్టించండి సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. తప్పు చేసినవాణ్ణి ఆపమంటే మా సంస్థకి నీరసం వస్తుంది కానీ, కొత్తది ఏదైనా బిగించమంటే ప్రాణం లేచొస్తుంది. నెల తిరక్కుండానే మా విమానం కాక్‌పిట్‌లో, సరిగ్గా సోమరాజు గారి తలపైన, తెల్లటి గుండ్రటి యంత్రం ఒకటి వెలిసింది. దాన్ని ప్రారంభించిన రోజున కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం వెలిగించబోతే నేనే ఆపాను.

యంత్రం వస్తే ఆయన మానేస్తారని నేననుకున్నాను. నా తెలివితక్కువతనం అది. శ్రీశైలం వచ్చింది, దండం అయింది, లైటర్ వెలిగింది. రెండో దమ్ముకి యంత్రం గణగణ మోగింది.

కాక్‌పిట్‌లో పొగ యంత్రం మోగితే ఏం చేయాలో చెక్‌లిస్టులో ఉంటుంది. ఆ పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగదు. ఆక్సిజన్ మాస్కు తగిలించుకో, అత్యవసర స్థితి ప్రకటించు, దగ్గర్లోని విమానాశ్రయంలో దిగు. అంతే. సోమరాజు గారు చెక్‌లిస్టు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. మాస్కు పెట్టుకోవాలంటే నోట్లోది తీయాలి కాబట్టి సిగరెట్టు ఆర్పారు. పొగకి కారణం చేతిలోనే ఉన్నా, చెక్‌లిస్టు మధ్యలో ఆపమని ఎక్కడా లేదు కాబట్టి దింపేశారు. దగ్గర్లోని విమానాశ్రయం కడప.

శాస్త్రి గారు స్వయంగా విచారణ జరిపారు. ఆ నివేదిక ప్రతిని సంస్థలో అందరికీ పంచారు. "కాక్‌పిట్‌లో పొగ వంటి ప్రాణాంతక పరిస్థితిలో కెప్టెన్ కనబరచిన నిబ్బరం శ్లాఘనీయం. యంత్రం సకాలంలో పనిచేసినది. చెక్‌లిస్టు సకాలంలో పాటింపబడినది. పొగకు మూలం విచారణ పరిధిలోనికి రాదు." సోమరాజు గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన దాన్ని అద్దం కట్టించుకున్నారు.

ప్రశంస అందాక ఎవరు మానేస్తారు? వారానికి మూడు నాలుగుసార్లు కడపలో దిగాం. ఆరు వారాల్లో ఇరవై రెండు అత్యవసర ల్యాండింగులు, ప్రాణనష్టం సున్నా. దేశంలో ఇంత గొప్ప రికార్డు మరెవరికీ లేదని శాస్త్రి గారు ఒక సదస్సులో ఉపన్యసించారు. "ఒక్క అత్యవసర ల్యాండింగు కూడా చేయని సంస్థకి, అది చేతనవునో కాదో ఎట్లా తెలియును? మాకు తెలియును!" అన్నారు. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో కూర్చుని నేను కూడా కొట్టాను. అందరూ కొడుతున్నప్పుడు ఊరుకుంటే బాగుండదు.

ఈలోపు కడపవాళ్ళు ఊరుకోలేదు. హైదరాబాదు నుంచి తిరుపతి టికెట్ కొనుక్కుని, కడపలో దింపినప్పుడు చల్లగా బ్యాగు భుజాన వేసుకుని దిగిపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి మా ఓబులేసు మామ ఫోన్ చేశాడు.

"ఏం పాపా, బాగుండావా? మీ కెప్టెను బేస్తవారం తాగుతాడా, తాగడా?"

"ఎందుకు మామా?"

"నాకు హైదరాబాదులో పనుండాది. తిరిగొచ్చేటప్పుడు మీ ఇమానంలో వద్దామని. ఆయప్ప తాగేటట్టయితే కడపలో దిగి, మధ్యాన్నం బువ్వకు ఇంట్లో ఉంటా. తాగకపోతే బస్సే మేలు."

ఇరవైమంది దాకా కడప ప్రయాణికులు వస్తున్నారని తెలిశాక, మా టికెట్ల విభాగం కూడా మేలుకుంది. నేరుగా కడపకి టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. రోజూ దిగేట్టయితే మామూలుగానే దిగొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ శాస్త్రి గారిని అడిగాను.

"మామూలుగా దిగవలెనంటే అనుమతులు కావలెను. ఆ ఫైలు కదలడానికి రెండేళ్ళు. అత్యవసరంగా దిగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పొగ ఒక్కటీ ఉంటే చాలును."

"నిజంగా నిప్పంటుకున్న రోజున ఈ గంటని ఎవరు నమ్ముతారు సార్?"

"నిజమైన నిప్పుకి ప్రత్యేకంగా మరొక గంట అమర్చే ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది."

నా ప్రశ్నలకి ఆయన వీపు చూపించినా బాగుండేది. ముఖం చూపించి, శ్రద్ధగా విని, చెక్‌లిస్టుని సవరించారు. "ముందుగా ఊహించిన పొగకు మాస్కు ధరించనవసరము లేదు. మాస్కులు వృథాగా అరుగుచున్నవి." అంతవరకు ఆ మాస్కే నాకు దిక్కు. గంట మోగాక కడప దాకా కాస్త మంచి గాలి పీల్చేదాన్ని. అదీ పోయింది. పైగా సోమరాజు గారు, గంట ఎలాగూ మోగేసింది కదా, ఇక ఆర్పి ఏం లాభమని, కడప చేరేలోపు రెండోది కూడా కానిచ్చేవారు.

డాక్టరిచ్చిన గడువులో నాలుగు నెలలు అయిపోయాయి. మెట్లెక్కితే ఆయాసం. ఒక ఉదయం కడపలో, కిందికి దిగి నిలబడి ఉన్నప్పుడు ఆగకుండా దగ్గొచ్చింది. సోమరాజు గారు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చారు.

"జలుబు చేసిందేంటమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. భద్రత దృష్ట్యా, నిబంధనల దృష్ట్యా అనే మాటలేవీ నోటికి రాలేదు. "జలుబు కాదు సార్. మీ పొగ. ఇంకో రెండు నెలల్లో నేను గొట్టంలో ఊదాలి. అంకె తగ్గితే నా లైసెన్సు పోతుంది. నేనింక ఎగరలేను" అనేశాను.

ఆయన జేబులోంచి ప్యాకెట్టు తీసి, లైటరు దాని మీద పెట్టి, రెండూ నా చేతిలో పెట్టారు.

"ఇంతకాలం నోరు మూసుకుని కూర్చున్నావా? ప్రయాణికులు, భద్రత, అదీ ఇదీ అన్నావు గానీ, నీకు పడట్లేదని ఒక్క ముక్క చెప్పావా? నాకూ నీ ఈడు కూతురుందమ్మా." ఆయన శ్రీశైలం దిక్కుకి చెయ్యి చాపారు. "ఇయ్యాల్టితో సరి. మల్లన్న మీద ఒట్టు."

సంస్థ మొత్తం యంత్రాలు పెట్టి, విచారణలు జరిపి సాధించలేనిది, ఒక దగ్గుతో అయిపోయింది. ముందే అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు శ్రీశైలం వచ్చింది. దండం పెట్టుకున్నారు. చేతులు దించి, నోట్లో ఏలక్కాయ వేసుకున్నారు. యంత్రం మోగలేదు. అత్యవసరం రాలేదు. కాబట్టి కడపలో దిగే అధికారం మాకు లేదు. విమానం తిన్నగా తిరుపతి వెళ్ళింది, కడప టికెట్లు కొన్న ఇరవైమూడు మందితో సహా. అందులో ఓబులేసు మామ ఉన్నాడు.

"ఏంది పాపా ఇది! పదిన్నరకు ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా ఉండాది నాకు. నన్ను తెచ్చి కొండ కింద పడేస్తివి. ఎంగటేస్పర సామికి నేనేం మొక్కుకోలేదే!" అని మెట్ల దగ్గరే నిలేశాడు.

"కెప్టెన్ గారు సిగరెట్లు మానేశారు మామా."

"మానేస్తే ఇంటికాడ మానేయమను! డ్యూటీలో మానేస్తే ఎట్లా?"

శాస్త్రి గారు కూడా అదే అన్నారు, ఇంకాస్త గ్రాంథికంగా. సోమరాజు గారికి షోకాజ్ నోటీసు వచ్చింది. "మూడు పర్యాయములు ప్రకటిత కాలపట్టిక ప్రకారము కాక్‌పిట్‌లో పొగ రాకపోవుటకు గల కారణములు తెలుపుడు." ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు, నేను మానేశానండి అని. విధి నిర్వహణలో విముఖత కింద ఆయన్ని విమానం దింపి, భద్రతా విభాగంలో ఒక బల్ల ముందు కూర్చోబెట్టారు. పాత చెక్‌లిస్టులకి పేజీ నంబర్లు వేయడం పని.

ఆ మధ్యాహ్నమే నన్ను పిలిచారు.

"కెప్టెన్ నిర్వర్తించలేని విధి కో-పైలట్‌కి సంక్రమిస్తుంది. అది మూల సూత్రము" అన్నారు శాస్త్రి గారు. ఒక కవరు ముందుకు తోశారు. అందులో సిగరెట్టు ప్యాకెట్టు, అగ్గిపెట్టె. పైన ఎర్ర అక్షరాలతో 'భద్రతా సామగ్రి' అని ఉంది.

"నేను తాగను సార్. తాగలేను. అసలు ఫిర్యాదు చేసిందే నేను!"

"అందువల్లనే ఈ విషయమున మీకున్న అవగాహన ఇతరులకు లేదు. ఇదిగో చూడండి, త్రాగుము అని సంస్థ ఎన్నడూ చెప్పదు. త్రాగుట నిషేధము. పొగ రావలెను, అంతే."

కవరు తీసుకుని బయటికొచ్చాను. తీసుకోకపోతే నేను కూడా పేజీ నంబర్లు వేసుకోవాలి. ముట్టిస్తే డాక్టరు సంతకం పెట్టడు. రాత్రంతా ఆలోచిస్తే తెల్లారేసరికి ఒకటి తట్టింది. ఆ తెల్లటి యంత్రానికి ఒక చిన్న మీట ఉంటుంది. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అది నొక్కితే గణగణ మోగుతుంది.

అప్పట్నుంచి శ్రీశైలం దాటగానే చెయ్యెత్తి ఆ మీట నొక్కేదాన్ని. సిగరెట్టు అలవాటే లేని కొత్త కెప్టెన్ కిటికీలోంచి నల్లమల అడవిని శ్రద్ధగా పరిశీలించేవాడు. గంట మోగేది, కడప వచ్చేది, ఓబులేసు మామలు దిగేవాళ్ళు. రెండు నెలలు కాక్‌పిట్‌లో పొగ అన్నదే లేదు. నాకు ఆయాసం పోయింది. పొద్దున్నే పరుగుకి కూడా వెళ్ళేదాన్ని.

గడువు రోజున గొట్టంలో ఊదాను. డాక్టరు అంకెని రెండుసార్లు చూసుకున్నాడు.

"ఏం చేశావమ్మా? పాతికేళ్ళ క్రీడాకారిణిలా ఉన్నాయి ఊపిరితిత్తులు!" అని సంతోషంగా సంతకం పెట్టాడు. దారిలో ఒక జిలేబీ కొట్టు దగ్గర ఆగి, పావుకిలో ఒక్కదాన్నే తినేశాను.

వైద్య నివేదిక నకలు ఒకటి భద్రతా విభాగానికి వెళ్తుందన్న సంగతి నేను మర్చిపోయాను. మూడోరోజు నా చేతికి నోటీసు వచ్చింది.

"మీ ఊపిరితిత్తుల సామర్థ్యము గణనీయముగా పెరిగినట్లు వైద్య నివేదిక వలన తెలియవచ్చినది. అరవై రోజులుగా భద్రతా విధుల యందు పొగ కల్పించుచున్న వ్యక్తి విషయమున ఇది అసంభవము. కావున మీరు పరీక్షా మీటను దుర్వినియోగపరచి, పొగ లేకుండానే గంట మ్రోగించినట్లు సంస్థ భావించుచున్నది."

శాస్త్రి గారి ఎదుట నిలబడ్డాను. ఆయన కోపంగా లేరు, నిజంగానే బాధపడుతున్నారు.

"సిగరెట్టు పొగతో వచ్చిన అత్యవసరము నిజమైన అత్యవసరము. మీట నొక్కగా వచ్చినది అబద్ధపు అత్యవసరము. భద్రత విషయమున అబద్ధమా? మీ వంటి యువత నుండి నేనిది ఆశించలేదు."

"డాక్టరు నేను ఎగరడానికి పనికొస్తానన్నారు సార్."

"ఎగురుటకు పనికివత్తురు. గండభేరుండలో ఎగురుటకు పనికిరారు." ఒక అచ్చు కాగితం ఇచ్చారు. "కనికరించి అవకాశమిస్తున్నాను. ఇకపై మీట ముట్టనని, సంస్థ సరఫరా చేసిన సామగ్రినే వాడెదనని ఇందులో ఉన్నది. సంతకం చేస్తే సోమవారం నుంచి విమానం మీది."

కాగితం పట్టుకుని బయటి హాల్లోకి వచ్చి, సోమరాజు గారి బల్ల దగ్గర కూలబడ్డాను. ఆయన నూట పద్నాలుగో పేజీ మీద ఉన్నారు. నోటీసు అంతా చదివి, పెన్ను మూత పెట్టారు. గొంతు తగ్గించి అన్నారు.

"ఓ పని చేద్దామా? నేను మళ్ళీ మొదలెట్టేత్తాను. నన్ను ఎక్కించేత్తారు, పక్క సీట్లో నువ్వుంటావు. మీట గొడవుండదు, నీ మీద కేసుండదు. నేను పొగ ఇటేపు ఊదుతాలే, నీకు తగలకుండా."

నా కోసం మానేసిన మనిషి, నా కోసమే మళ్ళీ ముట్టిస్తానంటున్నాడు. ఇంత పెద్ద సంస్థలో నా ఊపిరితిత్తుల గురించీ, నా ఉద్యోగం గురించీ కలిపి ఆలోచించింది ఆయనొక్కడే. ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"వద్దు సార్. మీరు బాగా ఉన్నారు. అలాగే ఉండండి" అన్నాను.

ఆయన పెన్ను అడిగి తీసుకున్నాను. అచ్చు కాగితంలో మీట గురించి, సామగ్రి గురించి ఉన్న నాలుగు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాను. చివర, సంతకానికి పైన, ఎప్పుడూ ఉండే వాక్యం ఉంది, 'జరిగినదానికి చింతిస్తున్నాను' అని. అందులో ఆఖరి మాట కొట్టేసి, దాని మీద 'చింతించడం లేదు' అని రాశాను. కింద పేరు పెట్టాను. డాక్టరు సంతకం చేసిన కాగితం మడతపెట్టి బ్యాగులో భద్రంగా పెట్టుకున్నాను. ఏ సంస్థలో ఎగిరినా ఆకాశానికి కావాల్సింది అదొక్కటే.

సోమరాజు గారు నేను రాసింది దగ్గరగా పెట్టుకుని చదివారు. పెదాలు బిగబట్టుకుని నవ్వాపుకున్నారు. తర్వాత కాగితాన్ని నా వైపు తిప్పి, కొట్టేసిన చోట వేలు పెట్టారు.

"ఇక్కడ పొట్టి సంతకం పెట్టమ్మా. దిద్దుబాటు పక్కన సంతకం లేకపోతే చెల్లదంటారు."

ఐదు చోట్లా పెట్టాను.